సేఫ్ అని సంతకం పెట్టేదెవరు?

పెళ్లిళ్లలో చదివింపుల బల్ల అందరూ చూసే ఉంటారు. ఒకాయన నోట్‌బుక్ ముందేసుకుని వరస నంబర్లు వేస్తూ పేర్లు రాస్తుంటాడు. పక్కన ఇంకొకాయన కవర్లు చింపి డబ్బు లెక్కపెడుతుంటాడు. మూడో ఆయన మైకు పట్టుకుని ఫలానా ఊరి ఫలానా వారు 1,116 రూపాయలు అని చదువుతుంటాడు. భోజనాల వేళకి లైను హాలు గుమ్మం దాటుతుంది. అప్పుడు పెళ్లికూతురి బాబాయి ఎవరో వచ్చి, "ఇంకో ఇద్దర్ని కూర్చోబెట్టండయ్యా, తొందరగా తెమిలిపోతుంది" అంటాడు.

తెములుతుందా? ఏ పనికి కూర్చోబెడుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. కవర్లు చింపి లెక్కపెట్టడానికి పదిమందిని పెట్టినా నష్టం లేదు. ఎవరి కవరు వాళ్లది, ఒకరి లెక్కతో ఇంకొకరికి పని లేదు. నోట్‌బుక్ సంగతి వేరు. రెండు నోట్‌బుక్కులు తెరిచి ఇద్దర్ని కూర్చోబెడితే 47వ నంబరు ఇద్దరికి పడుతుంది. తర్వాత లెక్క చూసుకునేటప్పుడు ఇంటి ఆడపడుచుకీ వియ్యపురాలికీ మధ్య మీరే సర్దిచెప్పాలి. ఇక మైకు ఒక్కటే ఉంది. పక్కవాళ్లు ఎంతమందైనా చీటీలు రాసి అందించొచ్చు గానీ, చదవడం మాత్రం మైకు పట్టుకున్నాయనే చదవాలి.

ఒకటి ఎంతమందైనా చేయొచ్చు. ఇంకొకటి పెద్దాయన ఒక్కడే చేయాలి, మిగతా పని మాత్రం పంచుకోవచ్చు. మూడోది ఉన్నంతసేపూ అసలు పని పంచుకోవడమే కుదరదు. సరిగ్గా ఈ మూడు ముద్రలే డేటాబేస్‌లోని ప్రతి ఫంక్షన్ మీదా ఉంటాయి. ఆ ముద్రలు ఎవరు వేయాలి, ఏం చూసి వేయాలి అన్నది ఈ వారం కబురు. వినడానికి ఇంజినీర్ల ఇంటి గొడవలా ఉంటుంది గానీ, కొన్నిసార్లు అది ఊళ్లో ఒకావిడ అప్పు కాగితం మీద రూపాయి అయి తేలుతుంది.

ముందు కాస్త వెనక కథ. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని ఒక డేటాబేస్ ఉంది. వాడేవాళ్లందరం పోస్ట్‌గ్రెస్ అంటాం. లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు, అందుకే చిన్న కంపెనీ నుంచి పెద్ద సంస్థల దాకా చాలాచోట్ల కనిపిస్తుంది. మనం దాన్ని ఒక ప్రశ్న అడుగుతాం. ఈ నెల ఎవరెవరు వాయిదా కట్టలేదు, ఎవరికి ఎంత వడ్డీ, ఇలాంటివి. ఆ ప్రశ్నని క్వెరీ అంటాం. 2016 సెప్టెంబరులో 9.6 వెర్షన్ వచ్చేదాకా ఒక క్వెరీని ఒక్క ప్రాసెస్సే మొదట్నుంచి చివరిదాకా మోసేది. మిషన్‌లో 16 కోర్లున్నా సరే, ఒకటి పనిచేస్తుంటే 15 గోడకి ఆనుకుని చూస్తుండేవి. రాబర్ట్ హాస్, అమిత్ కపిలా లాంటివాళ్లు ఏళ్ల తరబడి చేసిన పని వల్ల 9.6లో ఒకే క్వెరీని ముక్కలు చేసి పంచుకోవడం మొదలైంది. దీన్నే ప్యారలల్ క్వెరీ అంటారు. మొదట్లో భయంభయంగా స్విచ్చు ఆపేసి ఇచ్చారు. 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి మనం ఏమీ చెప్పకపోయినా రెండు వర్కర్ల దాకా వాడుకుంటుంది.

పని జరిగే తీరు మన పెళ్లి బల్ల లాగే ఉంటుంది. క్వెరీ అందుకున్న ప్రాసెస్ లీడర్. అది వర్కర్లని పిలుస్తుంది. పెద్ద టేబుల్‌ని తలా కొంచెం చదువుతారు, లీడర్ కూడా ఊరికే కూర్చోదు, తనూ ఒక చెయ్యి వేస్తుంది. చివర్లో అందరి జవాబులూ ఒకచోట కలుస్తాయి, ఆ చోటు పేరు గ్యాదర్. ఎక్స్‌ప్లెయిన్ అని కొట్టి క్వెరీ ఎలా నడవబోతోందో చూసినప్పుడు గ్యాదర్ అనే మాట కనబడితే పని పంచుకుంటున్నారని అర్థం. చిన్న టేబుళ్లకి ఈ హడావుడి ఉండదు. మామూలు సెట్టింగుల్లో టేబుల్ 8 ఎంబీ అన్నా లేకపోతే వర్కర్లని పిలవాలన్న ఆలోచనే చేయదు. పది కవర్లకి ముగ్గుర్ని కూర్చోబెట్టం కదా.

చిక్కంతా ఫంక్షన్లతో. ఫంక్షన్ అంటే మనం రాసి డేటాబేస్‌లో పెట్టుకున్న చిన్న లెక్క. వడ్డీ ఎంత, వాయిదా గడువు దాటిందా, పేరు సరిగ్గా రాశారా, ఇలా ఏదైనా. క్వెరీలో ఆ ఫంక్షన్‌ని పిలిస్తే, దాన్ని వర్కర్ల చేతికి ఇవ్వొచ్చా లేదా అని పోస్ట్‌గ్రెస్ ముద్ర చూస్తుంది. సేఫ్ అని ఉంటే ఎవరైనా చేయొచ్చు. రిస్ట్రిక్టెడ్ అని ఉంటే లీడరే చేయాలి, గ్యాదర్ పైన. అన్‌సేఫ్ అని ఉంటే ఆ క్వెరీ మొత్తానికి ప్యారలల్ అన్నదే లేదు. ఒక్క అన్‌సేఫ్ ఫంక్షన్ క్వెరీలో ఏ మూల ఉన్నా చాలు, కోటి వరసలున్నా సరే, పాత పద్ధతిలో ఒక్కరే మోయాల్సిందే.

మనం ఏ ముద్రా వేయకపోతే? అన్‌సేఫ్. అంటే ఫంక్షన్ రాసినవాడు నోరు విప్పి చెప్పేదాకా డేటాబేస్ దాన్ని నమ్మదు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంత తెలివైన సాఫ్ట్‌వేర్ కదా, ఫంక్షన్ లోపలికి తొంగిచూసి అదే తేల్చుకోవచ్చుగా? కుదరదు. పోస్ట్‌గ్రెస్ వాళ్ల మాన్యువల్లోనే ఈ మాట ఉంది. ఒక ఫంక్షన్ ఏమేం చేయగలదో ముందే పూర్తిగా చెప్పడమంటే హాల్టింగ్ ప్రాబ్లం తేల్చడంతో సమానం. 1936లో అలన్ ట్యూరింగ్ అన్నాయన, ఏ ప్రోగ్రాం ఇచ్చినా అది ఆగుతుందో లేదో చెప్పగల ఒకే పద్ధతి ఉండదని లెక్కకట్టి చూపించాడు. ఇంజినీరింగ్‌లో ఆ చాప్టరు చదువుతున్నప్పుడు మా క్లాసులో సగంమంది ఇది ఉద్యోగంలో ఎందుకు పనికొస్తుందండీ అని అడిగాం. ఇదిగో, ఇక్కడ పనికొచ్చింది. మిషన్‌కి సాధ్యం కాదు కాబట్టే మనిషి సంతకం అడుగుతోంది.

ఆ సంతకం విలువేంటో నాకు పోయినేడాది తెలిసింది.

మాది హైదరాబాద్‌లో ఒక చిన్న టీము. పల్లెల్లో మహిళా సంఘాలకి చిన్న రుణాలిచ్చే ఒక సంస్థకి మేం సాఫ్ట్‌వేర్ చూస్తాం. పేరు వద్దులెండి. నెలాఖరున వాళ్లకి ఒక రిపోర్టు కావాలి, సభ్యురాలి వారీగా ఎంత అసలు, ఎంత వడ్డీ అని. ఆ కాగితం పట్టుకునే ఫీల్డ్ వాళ్లు ఊళ్లకి వెళ్తారు. రిపోర్టు 41 నిమిషాలు పట్టేది. వాళ్లు విసిగిపోయి 16 కోర్ల కొత్త మిషన్ కొన్నారు. కొత్త మిషన్ మీద నడిపితే ఎంత పట్టిందో తెలుసా? 38 నిమిషాలు. డబ్బు పోసి కొన్నవాళ్లకి ఎలా ఉంటుంది చెప్పండి.

ఎక్స్‌ప్లెయిన్ కొట్టి చూస్తే గ్యాదర్ లేదు. ఆ డేటాబేస్ 9.6 కంటే ముందు పుట్టింది. వెర్షన్లు మారుతూ వచ్చాయి గానీ, ప్యారలల్ అన్న మాటే లేని రోజుల్లో రాసిన ఫంక్షన్ల మీద ఎవరూ ముద్ర వేయలేదు. మొత్తం 61 ఫంక్షన్లు, 61కి 61 అన్‌సేఫ్. రిపోర్టు వాడేది వాటిలో నాలుగే, అయినా ఆ నాలుగూ చాలు దారికి అడ్డం పడ్డానికి.

టీములో కొత్తగా చేరిన కుర్రాడు చురుకైనవాడు. సాయంత్రానికల్లా టెస్ట్ సర్వర్‌లో 61 ఫంక్షన్లకీ ఒకే స్క్రిప్టుతో ఆల్టర్ ఫంక్షన్ కొట్టేసి సేఫ్ చేశాడు. "అక్కా, 13 నిమిషాలు!" అని నా సీటు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. మా మేనేజర్ మొహం వెలిగిపోయింది. రేపే లైవ్‌లో పెట్టేద్దాం అన్నారు.

మా డీబీఏ మేడమ్‌కి యాభై దాటాయి. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. కుర్చీ తిప్పి, "రెండుసార్లు నడిపావా నాన్నా?" అని అడిగారు. వాడు లేదన్నాడు. నడపమన్నారు. నడిపాడు. మొత్తం వడ్డీ మొదటిసారి కంటే ఒక్క రూపాయి ఎక్కువొచ్చింది. మూడోసారి నడిపితే మళ్లీ తగ్గింది. డేటా మారలేదు, క్వెరీ మారలేదు. ఎర్రర్ మెసేజ్ కూడా ఏదీ రాలేదు.

"రూపాయే కదా మేడమ్, రౌండింగ్ అయ్యుంటుంది" అన్నారు మేనేజర్. మేడమ్ రెండు రిపోర్టుల్నీ పక్కపక్కన పెట్టి సభ్యురాలి వారీగా సరిపోల్చమన్నారు. పైన మొత్తంలో తేడా ఒక్క రూపాయే. కింద వందల పేర్ల దగ్గర రూపాయి అటూ ఇటూ.

"ఈ రూపాయి ఎవరిదో చెప్పండి" అన్నారు మేడమ్. ఎవరం మాట్లాడలేదు.

కారణం పట్టుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ నాలుగు ఫంక్షన్లలో ఒకటి పైథాన్‌లో రాసింది. పోస్ట్‌గ్రెస్‌లో పైథాన్ ఫంక్షన్లకి జీడీ అని ఒక సంచి ఉంటుంది. ఒక పిలుపుకీ ఇంకో పిలుపుకీ మధ్య ఏదైనా గుర్తుపెట్టుకోవాలంటే అందులో వేసుకోవచ్చు. ఈ ఫంక్షన్ రాసినాయన, ఆయన మానేసి చాలా ఏళ్లయింది, వడ్డీని రూపాయికి సరిచేసి, మిగిలిన పైసల్ని ఆ సంచిలో వేసి, తర్వాతి వరసకి కలిపేవాడు. ఒకరి దగ్గర 40 పైసలు మిగిలితే పారేయకుండా పక్క లెక్కలోకి తోసేయడం. మొత్తం మీద సంస్థకీ నష్టం రాదు, సభ్యులకీ రాదు. ఆలోచన మంచిదే.

కానీ ఆ సంచి ప్రాసెస్‌కి ఒకటి. లీడర్ సంచి లీడర్‌ది, ప్రతి వర్కర్‌కీ తన సంచి, అదీ ఖాళీగా మొదలవుతుంది. ఒక్కరే మోసినన్నాళ్లూ వరసలన్నీ ఒకే క్రమంలో ఒకే సంచి మీదుగా వెళ్లేవి, ఎప్పుడు నడిపినా ఒకే జవాబు. ముగ్గురు పంచుకునేసరికి మూడు సంచులు. ఏ వర్కర్‌కి టేబుల్‌లో ఏ ముక్క దొరుకుతుందన్నది ఆ క్షణంలో ఎవరు ఖాళీగా ఉన్నారన్నదాన్ని బట్టి. అందుకే నడిపిన ప్రతిసారీ పైసలు వేరేవాళ్ల మీద పడ్డాయి.

సేఫ్ కానిదాన్ని సేఫ్ అంటే రెండు రకాల ఫలితాలుంటాయి. ఒకటి అరిచేది. ఉదాహరణకి రసీదు నంబరు కోసం సీక్వెన్స్‌ని పిలిచే ఫంక్షన్. అదే, చదివింపుల నోట్‌బుక్‌లో వరస నంబరు. దానికి పొరపాటున సేఫ్ అని ముద్ర వేస్తే, ప్యారలల్‌లో నడుస్తుండగా నెక్స్ట్‌వాల్ కుదరదని పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. వర్కర్‌లో నుంచి టెంపరరీ టేబుల్‌ని ముట్టుకున్నా అంతే. టెంపరరీ టేబుల్ అంటే లీడర్ జేబులో చీటీ లాంటిది, వర్కర్లకి కనబడదు. అలాంటి ఫంక్షన్లకి రిస్ట్రిక్టెడ్ సరైన ముద్ర. ఇవి అరిచే తప్పులు కాబట్టి నాకు పెద్ద భయం లేదు, పొద్దున్నే తెలిసిపోతాయి. రెండో రకం మా పైసల సంచి లాంటిది. అరవదు. శుభ్రంగా, వేగంగా, నమ్మకంగా తప్పు జవాబు ఇస్తుంది. సీ భాషలో రాసిన ఫంక్షన్లయితే ఏం జరుగుతుందో సిద్ధాంతపరంగా హామీ కూడా ఇవ్వలేమని మాన్యువల్ ఒప్పుకుంటుంది.

అదే సేఫ్‌గా ఉన్నదాన్ని అన్‌సేఫ్ అని వదిలేస్తే? నిదానంగా నడుస్తుంది. అంతే. 38 నిమిషాలు టీ తాగి రావచ్చు. అందుకే ఏ ముద్రా లేకపోతే అన్‌సేఫ్ అనుకునే ఆ పద్ధతి మీద నాకు మొదట్లో ఉన్న చిరాకు ఇప్పుడు లేదు. ఒకవైపు నష్టం టైము, ఇంకోవైపు నష్టం నిజం. రెంటినీ ఒకే తక్కెడలో వేయలేం.

రూపాయికి ఇంత రాద్ధాంతమా అనిపిస్తే ఒక మాట. మా పిన్ని తెనాలి దగ్గర పల్లెలో సంఘం లీడర్‌గా చేసింది. నెల మీటింగులో పుస్తకం లెక్కకీ కాగితం లెక్కకీ రూపాయి తేడా వస్తే ఆ రూపాయి ఆవిడే కొంగు ముడి విప్పి వేసేది, గొడవ లేకుండా. అయినా గొడవ జరిగేది. ఎందుకంటే అక్కడ ప్రశ్న రూపాయి ఎటు పోయిందని కాదు, పోయిన నెల ఎన్ని పోయాయని. పుస్తకం రాసే అమ్మాయిని చూసే చూపు మారిపోయేది. హైదరాబాద్‌లో ఏసీ గదిలో మేం వేసే ముద్రకీ ఆ చూపుకీ మధ్య దూరం మీరనుకున్నంత ఉండదు.

మర్నాడు లైవ్‌లో పెట్టలేదు. మేడమ్, నేను, ఆ కుర్రాడు కూర్చుని 61 ఫంక్షన్లూ ఒక్కొక్కటే చదివాం. నాలుగు రోజులు పట్టింది. చదువుతున్నప్పుడు మేడమ్ ప్రతిదానికీ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఇది ఎక్కడైనా ఏదైనా రాస్తోందా? నంబర్లు తీసుకుంటోందా? సెట్టింగులు మారుస్తోందా? ఈ ప్రాసెస్‌కి మాత్రమే తెలిసిన సంగతి దేని మీదైనా ఆధారపడుతోందా? చివరిది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అది కోడ్‌లో పైకి కనబడదు.

ఇంకో ఉచ్చు ఉంది, అది నాకు ముందు తోచలేదు, మేడమ్ చెప్తేనే తెలిసింది. క్వెరీలో కనబడే ఫంక్షన్ ముద్రనే పోస్ట్‌గ్రెస్ చూస్తుంది. ఆ ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్‌ని, అది ఇంకోదాన్ని పిలిస్తే ఆ లోపలివాటి ముద్రలు చూడదు. పైన సేఫ్, లోపల అన్‌సేఫ్ అయితే బయటివాడి మాటే నమ్ముతుంది. కాబట్టి ఒకదానికి సేఫ్ అని వేయాలంటే దాని కింద తీగంతా లాగి చూడాలి. అచ్చం జామీను సంతకం లాంటిది. మీరు పెట్టేది ఒక్కరికి, పూచీ పడేది ఆయన ఇంటిల్లిపాదికీ.

ఇమ్మ్యూటబుల్, స్టేబుల్, వోలటైల్ అని ఇంకో మూడు ముద్రలున్నాయి, చాలామంది వాటితో ఇది కలిపేస్తారు. అవి వేరు, ఇది వేరు. వాటి ప్రశ్న, ఒకే ప్రశ్నకి జవాబు మారుతుందా లేదా అన్నది. క్లాక్ టైంస్టాంప్ అనే ఫంక్షన్ గోడ గడియారంలో టైము చెప్తుంది, పిలిచినప్పుడల్లా మారుతుంది, అయినా ప్యారలల్‌కి సేఫ్. ఎవరు చూసినా గడియారం గడియారమే. ర్యాండం అనే ఫంక్షన్ రిస్ట్రిక్టెడ్. ఎందుకంటే సెట్‌సీడ్‌తో మొదలుపెడితే అదే వరసలో అంకెలు మళ్లీ రావాలి, ఆ వరస గుర్తుండేది ఒక ప్రాసెస్ బుర్రలో. ఆడిటర్లు శాంపిల్‌గా 50 ఖాతాలు తీసి, మళ్లీ అవే 50 చూపించమంటారు. అప్పుడు తెలుస్తుంది ఈ తేడా.

పోస్ట్‌గ్రెస్ రాసినవాళ్లకే ఈ విషయం ఒకసారి కొరుకుడు పడలేదు. ట్రాన్సాక్షన్ మొదలైన టైము చెప్పే ఫంక్షన్‌కి సేఫ్ ముద్ర వేశారు. లీడర్‌ని అడిగినా వర్కర్‌ని అడిగినా ఒకే టైము రావాలి కదా. కానీ వర్కర్ తను పుట్టిన టైమునే ట్రాన్సాక్షన్ మొదలైన టైముగా చెప్పేది. 2018లో దీన్ని గుర్తించి, లీడర్ టైమునే వర్కర్లకి అందించేలా సరిచేశారు, పాత వెర్షన్లకి కూడా ఆ సవరణ ఇచ్చారు. ముద్ర మార్చకుండా, ముద్ర నిజమయ్యేలా చేశారన్నమాట. ఆ మార్పు గురించి చదివినప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది, కొంచెం భయం కూడా వేసింది.

మా పైసల సంచికి వద్దాం. రిస్ట్రిక్టెడ్ అని వేస్తే సరిపోతుంది కదా, లీడర్ ఒక్కడే చేస్తాడు, ఒకే సంచి ఉంటుంది అన్నాను నేను. మొత్తం సరిపోతుంది, కానీ వర్కర్ల దగ్గర్నుంచి వరసలు ఏ క్రమంలో వస్తాయో గ్యాదర్ చెప్పదు, కాబట్టి ఏ సభ్యురాలి మీద పైస పడుతుందన్నది మారుతూనే ఉంటుంది అన్నారు మేడమ్. పాత పద్ధతిలో ఒకే జవాబు రావడం కూడా ఆ ఫంక్షన్ గొప్పతనం కాదట, టేబుల్‌లో వరసలు కదలకుండా ఉన్నందువల్ల వచ్చిన అదృష్టమట. అది నిజం.

చివరికి పనిని రెండుగా చేశాం. బరువైన లెక్క, అంటే పైసల దాకా అసలు వడ్డీ ఎంతో తేల్చే భాగం, ప్యారలల్‌లో నడుస్తుంది. దాని ఫలితాన్ని క్రియేట్ టేబుల్ యాజ్‌తో ఒక టేబుల్‌లో పెడతాం. మామూలుగా డేటా రాసే క్వెరీలకి ప్యారలల్ దొరకదు గానీ, 11వ వెర్షన్ నుంచి కొత్త టేబుల్ ఇలా తయారుచేసేటప్పుడు చదివే భాగం పంచుకోనిస్తుంది. తర్వాత రూపాయికి సరిచేసే పని ఒక్క ప్రాసెస్, ఖాతా నంబర్ల క్రమంలో, ఒక్క సంచితో. మొత్తం 17 నిమిషాలు. కుర్రాడి 13 కంటే నాలుగు ఎక్కువ. ఎన్నిసార్లు నడిపినా పైసా మారలేదు. మేనేజర్ ఆ నాలుగు నిమిషాల గురించి క్లయింటుకి తానే చెప్తానన్నారు, చెప్పారు కూడా. వాళ్లు అడిగింది ఒక్కటే, ఇప్పటిదాకా వచ్చిన కాగితాలు సరైనవేనా అని. సరైనవే.

రెండు నెలల తర్వాత రిపోర్టు మళ్లీ 38 నిమిషాలకి వెళ్లిపోయింది. ఈసారి కారణం తమాషాగా ఉంది. గడువు దాటిన రోజులు లెక్కపెట్టే ఫంక్షన్‌లో ఎవరో ఒక కామెంటు లైను సరిదిద్ది క్రియేట్ ఆర్ రీప్లేస్ కొట్టారు. అలా కొట్టినప్పుడు యజమాని ఎవరు, ఎవరికి అనుమతులున్నాయి అన్నవి అలాగే ఉంటాయి గానీ, ప్యారలల్ ముద్ర మళ్లీ రాయకపోతే అది చెప్పాపెట్టకుండా అన్‌సేఫ్‌కి పోతుంది. కామెంటు మార్చినా సరే, కోడ్ మారిందనే లెక్క. పాత సంతకం కొత్త కాగితానికి చెల్లదు. ఇబ్బందే గానీ, కోర్టువాళ్లయినా అదే అంటారు కదా. అప్పట్నుంచి ముద్ర కూడా ఫంక్షన్ ఫైల్లోనే రాసి పెడుతున్నాం, విడిగా ఆల్టర్ కొట్టడం మానేశాం.

మీరూ ఇదే పనిలో ఉంటే, మీ డేటాబేస్‌లో పీజీ ప్రోక్ అనే టేబుల్‌లో ప్రోప్యారలల్ అనే కాలమ్ చూడండి. ఎస్, ఆర్, యు అని ఒక్కో అక్షరం ఉంటుంది. సేఫ్, రిస్ట్రిక్టెడ్, అన్‌సేఫ్. కొత్తగా ముద్ర వేశాక పరీక్షించడానికి డీబగ్ ప్యారలల్ క్వెరీ అనే సెట్టింగు ఉంది, 16వ వెర్షన్‌కి ముందు దాని పేరు ఫోర్స్ ప్యారలల్ మోడ్. అది ఆన్ చేస్తే చిన్న టేబుల్ మీద కూడా, లాభం లేకపోయినా, వీలైనచోటల్లా వర్కర్ చేత చేయిస్తుంది. అరిచే తప్పులన్నీ అక్కడే అరుస్తాయి. అరవనివాటికి మేడమ్ చెప్పిన మందే, అసలు డేటా మీద పదిసార్లు నడిపి, మొత్తం కాకుండా వరస వరసా సరిపోల్చడం. జీతాలు వేసే సాఫ్ట్‌వేర్ అయినా, మార్కుల లిస్టు అయినా, కరెంటు బిల్లు అయినా.

మా 61లో ఇప్పుడు 44 సేఫ్, 8 రిస్ట్రిక్టెడ్, 9 అన్‌సేఫ్. ఆ తొమ్మిదిలో ఒకటి ఏం చేస్తుందో మా ముగ్గురికీ పూర్తిగా అర్థం కాలేదు. పాత బ్రాంచి కోడ్లేవో కొత్తవాటికి మారుస్తున్నట్టుంది, మధ్యలో ఎవరూ వాడని ఒక టేబుల్‌ని ఎందుకో తడుముతుంది. కుర్రాడు దాన్ని చాలాసేపు చూసి, "ఇది బహుశా సేఫే అక్కా" అన్నాడు. మేడమ్ వాడి వంక చూశారు. వాడే నవ్వి, యు అక్షరాన్ని అలాగే వదిలేసి తర్వాతి ఫంక్షన్ తెరిచాడు.